లెక్కల్లో దేవుని చిత్తాన్ని వెదకిన నైటింగేల్



ప్రతి సంవత్సరం మే 12న అంతర్జాతీయ నర్సుల దినోత్సవం జరుగుతుంది. నర్సింగ్ స్కూళ్లలో, కాలేజీల్లో అమ్మాయిలు దీపాలు వెలిగించి, ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మీద ప్రమాణం చేస్తారు. ఆ ప్రమాణం చేసినవారు మన సంఘాల్లో ఎంతోమంది ఉన్నారు. ఎండాకాలమైనా, వానాకాలమైనా నైట్ డ్యూటీ ముగించుకుని, నిద్ర లేని కళ్లతో నేరుగా ఆదివారం ఆరాధనకు వచ్చే సహోదరీలను మనం ఎరుగుదుము.

నైటింగేల్ అనగానే మన కళ్ల ముందు నిలిచేది ఒకే దృశ్యం. రాత్రివేళ చేతిలో దీపంతో, గాయపడిన సైనికుల మంచాల మధ్య నడుస్తున్న స్త్రీ. ఆ దృశ్యం నిజమే. అయితే ఆమె యుద్ధ ఆస్పత్రుల్లో ఉన్నది రెండేళ్లు కూడా కాదు. ఆమె బతికింది తొంభై ఏళ్లు. మిగతా జీవితంలో చాలా భాగం జబ్బుతో, గదిలో, కాగితాల కట్టల మధ్య గడిచింది. ఆస్పత్రుల లెక్కలు, బడుల లెక్కలు, బీదల లెక్కలు, మన దేశపు కరువుల లెక్కలు ఆ గదికి వచ్చేవి. ఆ లెక్కల్లోంచి ఆమె ప్రభుత్వాలను ప్రశ్నించారు. అంతకంటే ముందు తనను తాను ప్రశ్నించుకున్నారు. ఈ వారం ఆ జీవితాన్ని ధ్యానిద్దాం.

పదహారేళ్ల పిల్లకు పిలుపు

ఫ్లోరెన్స్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టారు. ఊరి పేరే ఆమెకు పెట్టారు. తల్లిదండ్రులు బాగా కలిగిన ఆంగ్లేయులు. ఇంగ్లండులో వాళ్లకు రెండు పెద్ద ఇళ్లు ఉండేవి. ఆడపిల్లలకు పెద్ద చదువులు చెప్పించని ఆ కాలంలో తండ్రి విలియం నైటింగేల్ తన ఇద్దరు కూతుళ్లకు స్వయంగా గ్రీకు, లాటిన్, చరిత్ర, తత్త్వశాస్త్రం నేర్పారు. ఫ్లోరెన్స్‌కు గణితం మీద మక్కువ ఎక్కువ.

1837 ఫిబ్రవరి 7న, పదహారేళ్ల వయసులో, దేవుడు తనతో మాట్లాడి తన సేవకు పిలిచాడని ఆమె రాసుకున్నారు. ఏ సేవకో అప్పుడు తెలియలేదు. బాల సమూయేలుకు పిలుపు వినిపించినప్పుడు అర్థం చెప్పడానికి పక్కన ఏలీ ఉన్నాడు. ఫ్లోరెన్స్‌కు అలా చెప్పేవారు ఎవరూ లేరు. ఆ పిలుపు రోగుల సేవకే అని తెలుసుకున్నాక కూడా ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో నర్సు అంటే చదువు లేని, తాగుడు అలవాటున్న మనిషి అని జనం అనుకునేవారు. తల్లి, అక్క ఏడ్చారు, అలిగారు. మంచి సంబంధం వచ్చింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఆ పెద్దమనిషికి 1849లో ఆమె కాదని చెప్పేశారు.

జర్మనీలో రైన్ నది ఒడ్డున కైజర్స్‌వర్త్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ పాస్టర్ థియోడర్ ఫ్లీడ్నర్ 1836లో దీకనెస్సుల సంస్థ మొదలుపెట్టారు. భక్తిగల స్త్రీలు అక్కడ రోగులకు, అనాథలకు, జైలు నుంచి విడుదలైన స్త్రీలకు పరిచర్య చేసేవారు. 1851లో ఫ్లోరెన్స్ అక్కడ మూడు నెలలు శిక్షణ పొందారు. 1853లో లండన్‌లో జబ్బుపడిన స్త్రీల కోసం నడిపే చిన్న ఆస్పత్రికి సూపరింటెండెంట్ అయ్యారు. పిలుపు వినిపించి అప్పటికి పదహారేళ్లు దాటింది. ఎదురుచూపుల్లో ఉన్న యౌవనస్థులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

స్కుటారిలో ఏం జరిగింది

1854లో బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ కలిసి రష్యాతో క్రిమియాలో యుద్ధం చేశాయి. గాయపడిన బ్రిటిష్ సైనికుల దుస్థితి పత్రికల్లో వచ్చి దేశం అట్టుడికింది. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ అభ్యర్థన మీద నైటింగేల్ 38 మంది నర్సులతో బయలుదేరి, నవంబరు 4న ఇస్తాంబుల్‌కు ఎదురుగా ఉన్న స్కుటారి బారకు ఆస్పత్రికి చేరారు. ఆ 38 మందిలో రోమన్ కాథలిక్ సిస్టర్లు ఉన్నారు, ఆంగ్లికన్ సిస్టర్లు ఉన్నారు, ఏ మఠానికీ చెందని మామూలు ఆస్పత్రి నర్సులూ ఉన్నారు. ఇంగ్లండులో కొందరు ఆమెను కాథలిక్ పక్షపాతి అన్నారు, మరికొందరు యూనిటేరియన్ అన్నారు. సైనికులు చనిపోతుంటే డినామినేషన్ల గొడవ ఆగలేదు. ఈ సంగతి మనకు కొత్తగా అనిపించకపోవచ్చు.

ఆమె అక్కడ వంటశాల ఏర్పాటు చేశారు, బట్టలు ఉతికించారు, దుప్పట్లు, చొక్కాలు, చెంచాలు తెప్పించారు, చనిపోయినవారి ఇళ్లకు ఉత్తరాలు రాశారు. అయినా ఆ చలికాలం మరణాలు తగ్గలేదు, ఇంకా పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో వైద్యం పొందినవారిలో నూటికి 42 మంది చనిపోయినట్టు లెక్కల్లో ఉంది. ఆ మొదటి చలికాలంలో స్కుటారిలో పోయిన ప్రాణాలు నాలుగు వేలకు పైనే. వాళ్లలో ఎక్కువమందిని చంపింది తుపాకి గుండు కాదు. విరేచనాలు, కలరా, టైఫస్ జ్వరం.

మార్చిలో లండన్ నుంచి పారిశుధ్య కమిషన్ వచ్చింది. డాక్టర్ జాన్ సదర్లాండ్, ఇంజనీరు రాబర్ట్ రాలిన్సన్ అందులో ముఖ్యులు. వాళ్లు నేల కిందికి చూశారు. ఆస్పత్రి కట్టినది పూడిపోయిన మురుగు కాలువల మీద. తాగే నీరు వచ్చే దారిలో చచ్చిన గుర్రం కళేబరం ఉంది. కాలువలు శుభ్రం చేయించారు, చెత్త ఎత్తించారు, గాలి వచ్చేలా కిటికీలు, కప్పు బాగుచేయించారు. జూన్ నాటికి మరణాలు నూటికి రెండుకు వచ్చాయి.

1856 ఆగస్టులో నైటింగేల్ ఇంటికి తిరిగి వచ్చారు. దేశమంతా సన్మానాలకు సిద్ధంగా ఉంటే, ఆమె మిస్ స్మిత్ అనే మారుపేరుతో ఎవరికీ కనబడకుండా ఇల్లు చేరారు. ఆ తర్వాత చేసిన పనే ఆమె జీవితానికి అసలు పరీక్ష. జనన మరణాల లెక్కల నిపుణుడు విలియం ఫార్‌తో కలిసి యుద్ధకాలపు మరణాలన్నింటినీ పరిశీలించారు. నెలవారీగా, ఆస్పత్రివారీగా విడదీసి చూశారు. యుద్ధం జరుగుతుండగా ఆమె అనుకున్నది వేరు. తిండి చాలక, అతి శ్రమ వల్ల, ఆలస్యంగా ఆస్పత్రికి చేర్చడం వల్ల సైనికులు చనిపోతున్నారని నమ్మారు. లెక్కలు మరోమాట చెప్పాయి. ఆస్పత్రి మురికే వాళ్లను చంపింది. తాను రాత్రింబవళ్లు సేవ చేసిన స్కుటారి ఆస్పత్రే అన్నిటికంటే ప్రాణాంతకమైన చోట్లలో ఒకటి. ఈ సత్యం తెలిసినందువల్లే 1857లో ఆమె ఆరోగ్యం కుప్పకూలిందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. క్రిమియాలో సోకిన జ్వరం తిరగబెట్టిందని మరికొందరంటారు.

ఆలోచించండి. దేశం మొత్తం ఆమెను దేవదూత అంటోంది. చిన్నపిల్లలకు ఆమె పేరు పెడుతున్నారు. ఆ సమయంలో ఆ లెక్కల పుస్తకం మూసేసి ఉంటే అడిగేవారు లేరు. ఆమె మూయలేదు. 1858లో ఎనిమిది వందలకు పైగా పుటల నివేదిక తయారు చేశారు. మంత్రులకు అంకెలు చదివే ఓపిక ఉండదని తెలిసి, రంగులతో వృత్తాకారపు పటాలు గీయించారు. నివారించదగిన జబ్బుల మరణాలకు నీలం, గాయాల మరణాలకు ఎరుపు, మిగతావాటికి నలుపు. చూడగానే నీలం రంగే కళ్లను నింపేస్తుంది. యుద్ధం లేని రోజుల్లో కూడా ఇంగ్లండులోని బారకుల్లో యువ సైనికులు బయటి యువకుల కంటే దాదాపు రెట్టింపు సంఖ్యలో చనిపోతున్నారని కూడా ఆమె నిరూపించారు. ఆ ఏడాదే లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. అందులో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ ఆమే.

తన పేరున్న వార్డునే మూయించుకున్న మనిషి

ప్రజలు కృతజ్ఞతతో ఇచ్చిన నిధితో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల ప్రారంభమైంది. ఆ పాఠశాల సంగతి అందరికీ తెలుసు. అదే నిధితో కింగ్స్ కాలేజీ ఆస్పత్రిలో మంత్రసానుల శిక్షణ కోసం ఒక ప్రసూతి వార్డు కూడా పెట్టారు. పల్లెల్లో బీద తల్లులకు చదువుకున్న మంత్రసానులను పంపాలన్నది మంచి ఆశయం. అయితే ఆ వార్డులో బాలింత జ్వరంతో తల్లులు చనిపోయారు. 1867లో వార్డు మూసేశారు.

అక్కడితో ఆగిపోకుండా ఆమె మరో ప్రశ్న వేసుకున్నారు. ఆస్పత్రిలో కాన్పు అయిన తల్లులు ఎక్కువగా చనిపోతున్నారా, ఇంట్లో కాన్పు అయినవారా? పలు దేశాల ప్రసూతి ఆస్పత్రుల లెక్కలు కూడబెట్టి 1871లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆ రోజుల్లో బీదరాలి గుడిసెలో జరిగిన కాన్పు కంటే పెద్ద ఆస్పత్రిలో జరిగిన కాన్పే తల్లికి ప్రమాదమని తేలింది. సూక్ష్మక్రిముల గురించి వైద్యలోకానికి ఇంకా సరిగ్గా తెలియని కాలమది. నైటింగేల్ కూడా చెడుగాలి వల్లే జబ్బులు వస్తాయని చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకం పొరపాటు. అయినా లెక్కలు నిజాయితీగా తీసినందువల్ల, కారణం సరిగ్గా తెలియకముందే ప్రమాదం ఎక్కడుందో కనిపెట్టగలిగారు.

బీదల ఆస్పత్రి, ఆగ్నెస్ జోన్స్ త్యాగం

ఆ కాలపు ఇంగ్లండులో దిక్కులేని బీదలను వర్క్‌హౌసులనే చోట్ల ఉంచేవారు. అక్కడ జబ్బుపడినవారిని సాటి బీదలే చూసుకునేవారు. వాళ్లలో కొందరు తాగుబోతులు. లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి ఈ దుస్థితి చూసి నైటింగేల్‌కు రాశారు. 1865లో ఆమె పాఠశాల నుంచి పన్నెండు మంది నర్సులు అక్కడికి వెళ్లారు. వాళ్ల నాయకురాలు ఆగ్నెస్ జోన్స్, ఐర్లండు కుటుంబానికి చెందిన భక్తురాలు. ఆమె కూడా కైజర్స్‌వర్త్‌లో శిక్షణ పొందినవారే. వెయ్యి మందికి పైగా రోగులున్న ఆ చోట ఆమె రాత్రనక పగలనక పనిచేశారు, రోగులకు వాక్యం చెప్పారు. 1868 ఫిబ్రవరిలో టైఫస్ జ్వరంతో ప్రభువు సన్నిధికి చేరారు. వయసు 35.

ఈ అనుభవాన్ని నైటింగేల్ చట్టం దాకా తీసుకెళ్లారు. రోగి రోగే, బీదవాడైనంత మాత్రాన నేరస్థుడు కాడన్నది ఆమె వాదన. రోగులను, పిల్లలను, మతిస్థిమితం లేనివారిని వేరువేరుగా చూడాలని, ఆ ఖర్చు నగరమంతా కలిసి భరించాలని ప్రభుత్వానికి రాశారు. 1867లో లండన్ కోసం వచ్చిన పేదల చట్టంలో ఆమె కోరినదంతా రాలేదు. కొంత వచ్చింది. అంతకుముందు 1861 జనాభా లెక్కల్లో ప్రతి ఇంట్లో జబ్బుపడినవారి సంఖ్య, ఇళ్ల స్థితి కూడా రాయాలని అడిగారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆమె అడగడం మానలేదు.

చూడని దేశం కోసం

నైటింగేల్ మన దేశానికి ఎప్పుడూ రాలేదు. అయినా దాదాపు నలభై ఏళ్లు మన దేశం గురించి పనిచేశారు. మొదట ఆమె దృష్టి ఇక్కడి బ్రిటిష్ సైనికుల మీదే. దేశంలోని సైనిక స్థావరాలకు ప్రశ్నపత్రాలు పంపి, నీరు ఎక్కడిది, మురుగు ఎటు పోతుంది, ఎంతమంది ఏ జబ్బుతో పోయారు అని అడిగారు. జవాబులు బండెడు వచ్చాయి. 1863లో వచ్చిన రాయల్ కమిషన్ నివేదిక ప్రకారం వెయ్యి మంది సైనికుల్లో ఏటా 69 మంది చనిపోతున్నారు. మంచినీరు, మురుగు కాలువలు, బారకుల మార్పుల వల్ల పదేళ్లలో ఆ సంఖ్య 18కి తగ్గింది.

క్రమంగా ఆమెకు ఒక సంగతి అర్థమైంది. చుట్టూ ఉన్న పల్లె జబ్బుగా, ఆకలిగా ఉంటే కంటోన్మెంటు ఒక్కటే ఆరోగ్యంగా ఉండదు. అప్పటి నుంచి ఆమె కలం రైతు వైపు తిరిగింది. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిలో మహా కరువు వచ్చింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడాయి. లక్షలాది మంది చనిపోయారు. 1878లో ఆమె ఒక ప్రసిద్ధ ఆంగ్ల పత్రికలో భారత ప్రజల గురించి పెద్ద వ్యాసం రాసి, ఈ చావుల లెక్క, రైతుల అప్పుల లెక్క ఇంగ్లండు ప్రజల ముందు పెట్టారు.

ఇక్కడే మన గోదావరి ఆమె జీవితంలోకి వస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దొర, విశ్రాంత జీవితంలో కూడా, రైలుమార్గాల కంటే ముందు కాలువలు కావాలని ఇంగ్లండులో పోరాడుతూనే ఉన్నారు. చాలామంది అధికారులు ఆయన్ను చాదస్తుడన్నారు. నైటింగేల్ ఆయన పక్షాన నిలబడ్డారు. ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. నీరు పారిన డెల్టాలో బతుకు నిలిచింది, నీరు లేని సీమలో జనం రాలిపోయారు. ఆమెకు ఇంతకంటే వేరే రుజువు అక్కరలేదు. ఆరోగ్యం గురించి మొదలుపెట్టిన పరిశోధన ఆమెను కాలువల దాకా, భూమి శిస్తు దాకా, వడ్డీ వ్యాపారి దాకా నడిపించింది. మనిషి శరీరాన్ని, పొలాన్ని, అప్పును విడదీసి చూడలేమని ఆమె తెలుసుకున్నారు.

చట్టం చేసి మరచిపోతే

1870లో ఇంగ్లండులో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. వేలాది బడులు లేచాయి. ఇరవై ఏళ్ల తర్వాత, 1891లో, డెబ్బై ఏళ్ల నైటింగేల్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్‌కు ఒక ఉత్తరం రాశారు. బడి మానేశాక ఎంతమంది పిల్లలు నేర్చుకున్నదంతా మరచిపోతున్నారు? శిక్షలు నేరాలను తగ్గిస్తున్నాయా? వర్క్‌హౌసులో పెరిగిన పిల్లలు తర్వాత ఏమవుతున్నారు? భారత ప్రజలు కలిమి వైపు నడుస్తున్నారా, లేమి వైపా? డబ్బు ఖర్చుపెడుతున్నాం, చట్టాలు చేస్తున్నాం, ఫలితం మాత్రం ఎవరూ చూడడం లేదన్నది ఆమె బాధ. ఇలాంటి ప్రశ్నల పరిశోధన కోసం ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ప్రొఫెసర్ పదవి పెట్టించాలని, సొంత డబ్బు ఇవ్వాలని ఆశించారు. అది జరగలేదు. నూట ముప్పై ఏళ్లు దాటినా ఆ ప్రశ్నలు నేటికీ పాతబడలేదు.

విశ్వాసమూ, మురుగు కాలువా

ఆమె విశ్వాసం గురించి ఒక మాట చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. ఆమె ఇంగ్లండు సంఘ సభ్యురాలు. బైబిలు, భక్తుల రచనలు జీవితాంతం చదివారు. అయినా కొన్ని సిద్ధాంతాల విషయంలో ఆమె తలంపులు మనం అంగీకరించేవి కావు. వాటిని దాచనక్కరలేదు, వాటిని బట్టి ఆమెను తోసివేయనూ అక్కరలేదు. దేవుడు లోకాన్ని నియమాల ప్రకారం నడుపుతున్నాడని, ఆ నియమాలను వెదకి తెలుసుకుని లోబడడమే భక్తి అని ఆమె గట్టిగా నమ్మారు. మురుగు నీరు తాగే నదిలోకి వదులుతూ, కలరా నుంచి తప్పించమని ప్రార్థించడం దేవుని మాట వినకపోవడమేనని ఆమె తలంపు. ప్రార్థన మానమని కాదు. ప్రార్థించి లేచాక కాలువ శుభ్రం చేయమని.

నెహెమ్యా కూడా అలాగే చేశాడు. యెరూషలేము గోడలు కూలాయని విని ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. అక్కడికి చేరాక మూడు రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. రాత్రివేళ లేచి, కూలిన గోడలను, కాలిన గుమ్మాలను చుట్టూ తిరిగి కళ్లారా చూశాడు. ఆ తర్వాతే రండి, కడదామని జనాన్ని పిలిచాడు. కన్నీటికీ కట్టడానికీ మధ్య ఆ రాత్రి పరిశీలన ఉంది. మనం తరచుగా దాటవేసేది దాన్నే.

1907లో రాజు ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమె. అప్పటికి చూపు పోయింది, జ్ఞాపకం మందగించింది. 1910 ఆగస్టు 13న కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబేలో సమాధి చేస్తామంటే కుటుంబం వద్దంది. ఆమె కోరినట్టే హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెలో గ్రామపు చర్చి ఆవరణలో సైనికులు మోసుకెళ్లి సమాధి చేశారు. రాతి మీద ఆమెకు సంబంధించి ఉన్నది పేరులోని రెండు పొడి అక్షరాలు, జనన మరణాల వివరాలు మాత్రమే.

మన సంఘాలకు

మన తెలుగు నేల మీద సంఘం మొదటి నుంచి బడిని, ఆస్పత్రిని వెంటబెట్టుకునే నడిచింది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కూగ్లర్ లాంటి మిషనరీలు నాటిన విత్తనాల నీడలో మనం కూర్చున్నాం. ఈనాడు కూడా సంఘాలు మెడికల్ క్యాంపులు పెడుతున్నాయి, హాస్టళ్లు నడుపుతున్నాయి, విధవరాండ్రకు బియ్యం ఇస్తున్నాయి. దేవునికి స్తోత్రం. అయితే కొన్ని ప్రశ్నలు వేసుకుందాం. పోయిన ఏడాది క్యాంపులో బీపీ, షుగరు ఉన్నట్టు తేలినవారిలో ఈనాటికీ మందులు వాడుతున్నవారు ఎంతమంది? మన బడిలో ఒకటో తరగతిలో చేరిన పిల్లల్లో పదో తరగతి దాకా వచ్చినవారెందరు? మధ్యలో మానేసిన పిల్లలు ఏ ఇళ్లవాళ్లు? మన సహాయం అందిన కుటుంబం మూడేళ్ల తర్వాత ఎలా ఉంది?

దావీదు తన బలం చూసుకోవడానికి జనాన్ని లెక్కించాడు. అది దేవునికి కోపం తెప్పించింది. మన సభలకు ఎన్ని వేలమంది వచ్చారని పోస్టర్లలో వేసుకునే లెక్క ఆ జాతిది. ఇంకో లెక్క ఉంది. వంద గొర్రెల కాపరికి తొంభై తొమ్మిదే ఉన్నాయని తెలియాలంటే సాయంత్రం లెక్కపెట్టి ఉండాలి. తప్పిపోయిన ఆ ఒక్కదాని కోసమే ఆయన లెక్కపెట్టాడు.

ఈ నెల సంఘ కమిటీ కూర్చున్నప్పుడు జమాఖర్చుల పుస్తకం పక్కన మరో నోట్‌బుక్కు పెట్టండి. మన పరిచర్య వల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరికి జరగలేదు, ఎవరిని మనం మధ్యలో వదిలేశామో అందులో రాయండి. రాసేటప్పుడు సిగ్గు కలిగితే కలగనివ్వండి. నైటింగేల్‌కూ కలిగింది. ఆ సిగ్గు నుంచి పారిపోకుండా ఆమె పనిచేసినందువల్లే తర్వాతి తరాల్లో ఎందరో తల్లులు, బిడ్డలు బతికారు.

సత్యాన్ని చూసే కళ్లు, చూసినదాన్ని సరిదిద్దే చేతులు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.